పంట చెడకుండా గట్టు వేయడం

ఈ వారం పెనుగొండ నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరాన్ని ముందుగా తీసికుంటున్నాను. ఇటువంటి సందేహాన్నే వేరే ఊళ్ళ నుంచి మరికొందరు కూడా అడిగారు. అంచేత ఒక్కరికే జవాబు చెప్పి ఊరుకోకుండా కాస్త వివరంగా చెప్పుకుందాం. ఆమె ఇలా వ్రాశారు:

"మా ఇంట్లో ఒకే ఒక కంప్యూటరు ఉంది. కొని ఆరేళ్ళయింది. అందులో ఉన్నదంతా 'సీ' అనే ఒక్క డ్రైవులోనే ఉంది. మా వారి పెన్షను కాగితాలు, పొలం దస్తావేజుల నకళ్ళు, పెద్దమ్మాయి పెళ్ళి ఫోటోలు అన్నీ అక్కడే. వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటుంది. మా అత్తగారు పోవడానికి ముందు సంక్రాంతికి పాడిన మంగళహారతులూ, దంపుళ్ళ పాటలూ మా ఆడపడుచు రికార్డు చేసి అందులో పెట్టింది. ఆ గొంతు మరెక్కడా లేదు. ఇప్పుడు భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి తనకు లినక్సు కావాలనీ, డిస్కును భాగాలు చేయాలనీ అంటున్నాడు. రిపేరు షాపులో అడిగితే, 'మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా వెయ్యాలండి, ఉన్నది పోద్దండి' అన్నారు. మా వారు 'అయితే దాన్ని ముట్టుకోవద్దు' అన్నారు. అబ్బాయి అన్నం దగ్గర కూడా మాట్లాడటం మానేశాడు. ఉన్నది పోకుండా భాగాలు చేయడం సాధ్యమేనా? నేను ఎవరి మాట వినాలి?"

సోదరీ, మీ ఇంట్లో ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. షాపువారి మాటలో మాత్రం నిజం పాతబడిపోయింది. ఉన్న ఫైళ్ళు పోకుండా డిస్కును భాగాలు చేయడం తప్పకుండా సాధ్యమే. అందుకు కావలసిన పనిముట్టు మీ కంప్యూటరులోనే ఉంది, కొత్తగా కొనవలసినదేమీ లేదు. అయితే "సాధ్యం" అన్నమాటకూ, "ఏమీ జరగదు" అన్నమాటకూ చాల దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించేది ఒక్కటే: పని మొదలుపెట్టక ముందు వేరే చోట తీసిపెట్టుకున్న నకలు. ఈ రెండు విషయాలూ ఒకదాని తరువాత ఒకటి చెబుతాను.

డిస్కులో భాగాలంటే ఏమిటి?

మన డెల్టాలో పుట్టి పెరిగినవారికి దీన్ని అర్థం చేసికోవడం కష్టం కాదు. అయిదెకరాల చేను ఒకటి ఉందనుకోండి. దాన్ని ఇద్దరన్నదమ్ములు పంచుకుంటే నేలను ఎవరూ కత్తితో కోయరు. మధ్యన గట్టు వేస్తారు, రాళ్ళు పాతుతారు, కాగితం మీద హద్దులు వ్రాసుకుంటారు. ఇందులో అసలైనది కాగితమే. నేల అక్కడే ఉంటుంది. ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఎవరిదో చెప్పేది దస్తావేజు.

డిస్కులోనూ అంతే. 'సీ', 'డీ' అంటే లోపల రెండు వేరువేరు వస్తువులు కావు. ఉన్నది ఒకటే డిస్కు. దాని మొట్టమొదట ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఫలానా భాగం ఇక్కడ మొదలు, ఇంత పొడవు అని అందులో వ్రాసి ఉంటుంది. 1983లో ఐ.బి.ఎం. వారి పి.సి. ఎక్స్.టి. కంప్యూటరుతో హార్డు డిస్కు ఇళ్ళలోకీ, చిన్న ఆఫీసులలోకీ రావడం మొదలైంది. అప్పుడు ఏర్పాటు చేసిన పట్టికలో నాలుగు భాగాలకే చోటు ఉండేది. ఒక్కొక్క భాగానికి 16 బైట్లు. మొత్తం కలిపి 64 బైట్లు. అంటే ఈ వాక్యం వ్రాయడానికి పట్టేటంత చోటు కూడా కాదన్నమాట. డిస్కు ఎంత పెద్దదయినా, అందులో ఎన్ని జీవితకాలాల ఫోటోలు ఉన్నా, దారి చూపించేది ఆ 64 బైట్లే! అవి చెడితే లోపలి సరుకు చెక్కుచెదరకపోయినా కంప్యూటరుకు మాత్రం డిస్కు ఖాళీగా కనిపిస్తుంది. ఈ మధ్య సంవత్సరాలలో వచ్చిన కంప్యూటర్లలో 'జి.పి.టి.' అనే కొత్త పట్టిక ఉంటుంది. దానిలో మామూలుగా 128 భాగాలకు చోటు ఉంటుంది. పైగా దాని నకలు డిస్కు చివర మరొకటి ఉంటుంది. మొదటిది చెడితే రెండవది అక్కరకు వస్తుంది.

ఈ పట్టిక కాక, ప్రతి భాగం లోపలా మరొక జాబితా ఉంటుంది. ఏ ఫైలు పేరు ఏమిటి, అది ఏయే ముక్కలుగా ఎక్కడెక్కడ ఉన్నదీ అందులో వ్రాసి ఉంటుంది. గ్రామానికి అడంగలు ఎలాంటిదో ఇది అలాంటిది. మీరు ఒక ఫైలును తీసివేసినప్పుడు సాధారణంగా చెరిగేది ఆ జాబితాలోని గుర్తే. ఫైలు అక్కడే పడి ఉంటుంది, దాని మీద మరొకటి వచ్చి కూర్చునేవరకు. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, చివర మళ్ళీ పనికివస్తుంది.

షాపువారి మాట ఎందుకు పాతబడింది?

1983 నుంచి చాలకాలం దాకా భాగాలు చేయడానికి ఉన్న పనిముట్టు 'ఎఫ్‌డిస్క్' అనేది. దానికి ఉన్న హద్దును జరపడం చేతకాదు. కొత్త హద్దు కావాలంటే పాత భాగాన్ని కొట్టివేసి, మళ్ళీ గీసి, ఫార్మాట్ చేసికోవలసిందే. పంట ఉన్న చేనును దున్నిపారేసి గట్టు వేసినట్టు! ఆ రోజులలో పని నేర్చుకున్నవారు ఈనాటికీ అదే పద్ధతి చెప్పడంలో ఆశ్చర్యం లేదు. 1990లలో 'పార్టిషన్ మేజిక్' అనే ప్రోగ్రాము వచ్చి, ఫైళ్ళు పోకుండానే హద్దులు జరిపి చూపించింది. అప్పట్లో దాని పేరులో ఇంద్రజాలం ఉండటం ఎవరికీ అతిశయోక్తి అనిపించలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో కూడా ఉన్న భాగాన్ని చిన్నది చేసే సదుపాయం లేదు. 2007లో ఇళ్ళకు వచ్చిన విండోస్ విస్టాలో ఆ సదుపాయం మైక్రోసాఫ్టువారే పెట్టారు. అప్పటినుంచి ప్రతి విండోస్‌లోనూ అది ఉంది.

అది చేసే పని ఇది. మీ 'సీ' డ్రైవు చివరి భాగంలో ఉన్న ఫైలు ముక్కలను ముందు వైపు ఉన్న ఖాళీలలోకి మోసికొనివస్తుంది. ఎక్కడికి మోసిందో జాబితాలో వ్రాస్తుంది. చివర చోటు ఖాళీ అయిన తరువాత హద్దును వెనక్కు జరుపుతుంది. అంటే చేను ఒక చివర ఉన్న కుప్పలను ఈ చివరకు చేర్చి, ఖాళీ అయిన నేల మీద గట్టు వేయడమన్నమాట. పంట ఎక్కడికీ పోదు. ఖాళీ చోటే లేకపోతే మాత్రం కుప్పలు ఎక్కడికీ చేరవు గనుక ఆ పని జరగదు.

అసలు పంపకం అవసరమా?

పనిలోకి దిగబోయే ముందు మీ అబ్బాయిని పిలిచి ఒక్క మాట అడగండి. లినక్సు ఎందుకు కావాలి? ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకోవడానికే అయితే, విండోస్ లోపలే లినక్సును నడుపుకొనే సౌకర్యాన్ని మైక్రోసాఫ్టువారు 2016 నుంచి ఇస్తున్నారు. 'వర్చువల్‌బాక్స్' వంటి ఉచిత ప్రోగ్రాముతో కంప్యూటరు లోపల ఊహా కంప్యూటరు ఒకటి నిలబెట్టి, అందులో లినక్సు వేసికోవచ్చు. ఊరికే చూడాలనుకుంటే పెన్ డ్రైవు నుంచే నడిపించి చూడవచ్చు. ఈ మూడింటిలో దేనికీ డిస్కులో గట్టు వేయనవసరం లేదు.

అయితే అతని పట్టుదల ఉత్త పిల్లచేష్ట అని కూడా అనుకోకండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు ముగిసింది. మీది ఆరేళ్ళ కంప్యూటరు అంటున్నారు. దానిలో విండోస్ 10 ఉండి, విండోస్ 11 పట్టకపోతే, ఇంకొన్నాళ్ళు దాన్ని క్షేమంగా వాడుకోవడానికి లినక్సు మంచి దారే. మనవాళ్ళు అందులో కృషి చేశారు కూడా. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్సును తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వపు సి-డాక్ వారి 'బాస్' లినక్సు భారతీయ భాషలలో పనిచేస్తుంది. విండోస్ ఒక భాగంలో, లినక్సు మరొక భాగంలో పక్కపక్కనే ఉండవచ్చు. కంప్యూటరు వేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది. అవసరం నిజమైనదని తేలితే పనిలోకి దిగుదాం.

ముందు నకలు, తరువాతే గట్టు

మీ వారి భయంలో ఉన్న నిజం ఇక్కడ ఉంది. పనిముట్టు మంచిదే. కాని పని మధ్యలో కరెంటు పోవచ్చు. ఆరేళ్ళ డిస్కు అలసిపోయి ఉండవచ్చు. వేలు ఒక గడి పక్కన పడవచ్చు. వీటికి ఏ ప్రోగ్రామూ పూచీ ఇవ్వలేదు. అంచేత నకలు లేకుండా ఈ పని ఎవ్వరూ తలపెట్టకూడదు, ఎంత చదువుకున్నవారయినా సరే.

విడిగా ఉండే హార్డు డిస్కు ఒకటి కొనండి. యు.ఎస్.బి. తీగతో తగిలించేది. పెన్ డ్రైవు తాత్కాలికానికే గాని, ఏళ్ళ తరబడి దాచుకోవడానికి నమ్మదగినది కాదు. మీ ఫైళ్ళను అందులోకి కాపీ చేయండి. 'కట్' చేయవద్దు సుమండీ, కాపీ మాత్రమే. మన ఇళ్ళలో ఫైళ్ళు 'డాక్యుమెంట్స్'లో ఒక్కచోటే ఉండవు. డెస్క్‌టాపు మీద, 'డౌన్‌లోడ్స్'లో, 'పిక్చర్స్'లో, ఫోనునుంచి దింపిన సంచులలో చెల్లాచెదురుగా ఉంటాయి. అన్నీ వెదికి తీయండి. ఎవరయినా అను ఫాంట్లలో టైపు చేయించిన పాత కథలూ, శుభలేఖలూ ఉంటే ఆ ఫాంట్లను కూడా దాచండి. అవి లేకపోతే ఫైలు మిగిలినా అక్షరాలు గజిబిజిగా కనిపిస్తాయి, చదవడానికి వీలుండదు.

కాపీ అయిపోయిందని సంతోషించి ఊరుకోకూడదు. అసలు సంచి మీదా, నకలు సంచి మీదా కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్' చూస్తే ఫైళ్ళు ఎన్నో, బరువు ఎంతో తెలుస్తుంది. రెండు లెక్కలూ సరిపోవాలి. తరువాత ఆ కొత్త డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి, మీ అత్తగారి పాటలు ఒక్కొక్కటీ మొదటినుంచి చివరిదాకా విని చూడండి. పెళ్ళి ఫోటోలలో మొదటివి, మధ్యవి, చివరివి తెరిచి చూడండి. తెరిచి చూడని నకలు నకలు కాదు. చాలమంది ఇళ్ళలో విషయం తెలిసేది నకలుతో అవసరం పడిననాడే, అప్పటికి చేయగలిగినదేమీ ఉండదు.

మరొక్క మాట. ఆ గొంతు మరెక్కడా లేదన్నారు. అటువంటి వస్తువుకు ఒక్క నకలు చాలదు, మూడు ప్రతులు ఉండాలి. ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, మూడవది వేరే ఊళ్ళో. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద, 1996 నవంబరులో కోనసీమను ఊడ్చిన తుపాను మన ప్రాంతంలో పెద్దవాళ్ళకు జ్ఞాపకమే. ఇంట్లోకి నీళ్ళు వస్తే కంప్యూటరూ, దాని పక్క బీరువాలోని డిస్కూ ఒకేసారి తడుస్తాయి. ఆడపడుచుగారింట ఒక ప్రతి ఉంచండి. దూరదేశంలో పిల్లలున్నవారు ఇంటర్నెట్ ద్వారా వారికి పంపి దాచమనవచ్చు. పది పాటలు ఎంతో చోటు పట్టవు. నిజానికి ఈ పని డిస్కు పంచినా పంచకపోయినా ఈ వారమే చేయవలసినది. మీ వారు "ముట్టుకోవద్దు" అన్నంత మాత్రాన డిస్కుకు ముసలితనం ఆగదు కదా!

ఇక పని

నకలు చేతిలో ఉన్నదనుకుని ముందుకు నడుద్దాం.

1. డిస్కు ఆరోగ్యం చూడండి. 'సీ' డ్రైవు మీద కుడి మీట నొక్కి, 'ప్రాపర్టీస్', 'టూల్స్', 'చెక్' అని వరుసగా వెళితే తప్పులుంటే చెబుతుంది. డిస్కు నుంచి టక్ టక్‌మని చప్పుడు వస్తున్నా, ఫైళ్ళు తెరుచుకోవడానికి చాలసేపు పడుతున్నా పంపకం మాట కట్టిపెట్టి ముందు డిస్కును మార్చండి. జబ్బుమనిషి చేత మూటలు మోయించకూడదు.

2. తాళంచెవి వ్రాసి పెట్టుకోండి. కొన్ని కంప్యూటర్లలో డిస్కుకు 'బిట్‌లాకర్' అనే తాళం వేసి ఉంటుంది. వేసిన సంగతి ఇంట్లోవారికి తెలియకుండా కూడా ఉండవచ్చు. ఇటువంటి మార్పులు చేసినప్పుడు అది 48 అంకెల సంఖ్యను అడగవచ్చు. సెట్టింగ్స్‌లో చూసి, తాళం ఉన్నట్టయితే ఆ సంఖ్యను కాగితం మీద వ్రాసి బీరువాలో పెట్టండి. అది లేకపోతే ఎవ్వరూ తెరవలేరు.

3. 'ఫాస్ట్ స్టార్టప్' ఆపండి. ఇది ఉన్నంతకాలం మీరు కంప్యూటరు కట్టివేసినా విండోస్ పూర్తిగా నిద్రపోదు, ఒక కన్ను తెరిచే ఉంటుంది. ఆ స్థితిలో లినక్సు వచ్చి విండోస్ భాగంలో ఏదయినా వ్రాస్తే రెండింటికీ పొత్తు కుదరక ఫైళ్ళు చెడవచ్చు.

4. కరెంటు సంగతి చూసుకోండి. యు.పి.ఎస్. ఉంటే దాని బ్యాటరీ పనిచేస్తున్నదో లేదో ముందే పరీక్షించండి. ల్యాప్‌టాపు అయితే బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జరు తీగ కూడా తగిలించి ఉంచండి. గాలివాన వచ్చే సాయంకాలం ఈ పని పెట్టుకోవద్దు.

5. ఇప్పుడు 'స్టార్ట్' బొమ్మ మీద కుడి మీట నొక్కి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. మీ డిస్కు గళ్ళుగళ్ళుగా కనిపిస్తుంది. అందులో చిన్న చిన్న గళ్ళు కొన్ని ఉంటాయి. అవి కంప్యూటరు లేవడానికీ, జబ్బు చేస్తే కోలుకోవడానికీ తయారీదారు పెట్టినవి. పేరు లేదు కదా అని వాటిని ముట్టుకోకూడదు. విడి డిస్కు తగిలించి ఉంటే దాన్ని తీసి పక్కన పెట్టండి. నకలు ఉన్న డిస్కునే పొరపాటున చెరిపివేసినవారున్నారు.

6. 'సీ' గడి మీద కుడి మీట నొక్కి 'ష్రింక్ వాల్యూమ్' అనేది ఎంచుకోండి. ఎంత చోటు విడగొట్టాలో మెగాబైట్లలో అడుగుతుంది. ఒక జి.బి. అంటే 1,024 మెగాబైట్లు. వంద జి.బి. కావాలంటే 1,02,400 అని వేయాలి. చదువుకు వాడే లినక్సుకు వంద జి.బి. ధారాళంగా సరిపోతుంది. 'సీ'లో కూడా విండోస్‌కు ఊపిరాడే చోటు మిగల్చాలి. అంతా లాగివేయవద్దు.

ఒక్కొక్కప్పుడు సగం డిస్కు ఖాళీగా ఉన్నా కొద్దిపాటి చోటే ఇస్తానంటుంది. అప్పుడు దిగులు పడకండి. విండోస్ తన పనికోసం పెట్టుకున్న కొన్ని ఫైళ్ళు కదలవు. చేను మధ్యన మోటారు షెడ్డు ఉన్నట్టు, అవి చివర ఎక్కడో ఉంటే హద్దు అంతకంటె లోపలికి జరగదు. హైబర్నేషను, పేజింగు ఫైలు, సిస్టమ్ రిస్టోర్ అనే మూడింటినీ తాత్కాలికంగా ఆపి, కంప్యూటరును ఒకసారి కట్టి వేసి మళ్ళీ ప్రయత్నిస్తే చాలవరకు దారి దొరుకుతుంది. పని అయ్యాక వాటిని తిరిగి పెట్టుకోవచ్చు. హైబర్నేషను సంగతి మాత్రం వేరు. 'ఫాస్ట్ స్టార్టప్' దాని మీదనే ఆధారపడుతుంది గనుక, లినక్సు ఉన్న ఇంట్లో దాన్ని ఆపి ఉంచడమే మంచిది.

7. పని అయిన తరువాత 'సీ' పక్కన నల్లటి పట్టీతో 'అన్‌ఎలొకేటెడ్' అనే ఖాళీ కనిపిస్తుంది. లినక్సుకోసమయితే దాన్ని అలాగే వదిలివేయండి. లినక్సు తన పద్ధతిలో తానే ఫార్మాట్ చేసికుంటుంది. ఇంటి ఫైళ్ళకోసం 'డీ' కూడా కావాలనుకుంటే మాత్రం, ఆ నల్లటి పట్టీలో కొంతభాగం మీద కుడి మీట నొక్కి 'న్యూ సింపుల్ వాల్యూమ్' చేసికోండి. అప్పుడు 'ఫార్మాట్ చేయనా?' అని అడుగుతుంది. ఖాళీ నేలను దున్నడమే గనుక అక్కడ ఫరవాలేదు. ఆ మాట 'సీ' గడి మీద గాని, సరుకు ఉన్న మరే గడి మీద గాని వినపడితే మాత్రం వెంటనే 'కేన్సిల్' నొక్కి లేచిపోవాలి.

8. లినక్సు వేసేటప్పుడు అబ్బాయి పక్కన మీరు కూర్చోండి. ఉబుంటు వంటివి వేసేటప్పుడు విండోస్ పక్కన వేయమంటారా, మొత్తం డిస్కు చెరిపి వేయమంటారా అని అడుగుతాయి. పక్కన వేయమని చెప్పడమే మనకు కావలసినది. తొందరలో రెండవది నొక్కిన కుర్రాళ్ళ కథలు ప్రతి కాలేజీ హాస్టలులోనూ ఉంటాయి. ఆ ఒక్క తెర దగ్గర ఇద్దరూ పైకి చదివి, ఒప్పుకుని మరీ నొక్కండి.

హద్దును కుడివైపునుంచి కుదించినంతవరకు ప్రమాదం తక్కువే. బయటి ప్రోగ్రాములతో భాగం మొదలునే పక్కకు జరపడం అలా కాదు. అప్పుడు లోపలి సరుకంతా ఒక చోటినుంచి మరొక చోటికి నడవాలి. గంటల తరబడి పడుతుంది. మధ్యలో కరెంటు పోతే సగం ఇక్కడా సగం అక్కడా అవుతుంది. అవసరం లేనిదే దాని జోలికి పోకండి.

ఇదంతా మీ అబ్బాయి చేత చేయించండి. నకళ్ళు తీయడం, విని సరిచూడడం మాత్రం మీ వారికి అప్పగించండి. ఆయన సరే అన్న తరువాతే అబ్బాయి మీట నొక్కాలని నియమం పెట్టండి. భయపడేవారికి కాపలా, ఉత్సాహపడేవారికి పని ఇస్తే ఇంట్లో తగవు ఉండదు, పనీ చక్కగా జరుగుతుంది.

ఇక ఇదే విషయం మీద వచ్చిన చిన్న ప్రశ్నలు.

తణుకు నుంచి ఒక పాఠకురాలు: ఫోటోలన్నీ 'డీ'లోకి మార్చాను. ఇక భయం లేదు కదా?

విండోస్ చెడి 'సీ'ని మళ్ళీ ఫార్మాట్ చేయవలసి వస్తే 'డీ'లోని ఫోటోలు మిగులుతాయి. అంతవరకు లాభమే. కాని 'సీ', 'డీ' రెండూ ఒకే డిస్కులో ఉన్నవి. డిస్కు పాడయితే రెండూ పోతాయి. ఒకే ఇంట్లో రెండు గదులు ఉన్నంత మాత్రాన, ఇల్లు మునిగితే ఒక గది పొడిగా ఉండదు. విడి డిస్కులో నకలు తీయవలసిందే.

పాలకొల్లు నుంచి ఒక గృహిణి: 'సీ' నిండిపోయింది, 'డీ' ఖాళీగా ఉంది. దానిలోంచి దీనికి కొంత ఇవ్వవచ్చా?

విండోస్‌లోని 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' సాధారణంగా పక్కనే, కుడివైపు ఆనుకుని ఉన్న ఖాళీనే కలుపుతుంది. 'డీ'ని చివర కుదిస్తే వచ్చే ఖాళీ 'డీ' అవతల ఉంటుంది గనుక 'సీ'కి అందదు. 'డీ'లో ఉన్నది బయటికి కాపీ చేసి, సరిచూసికొని, 'డీ'ని తీసివేసి, 'సీ'ని పెంచి, మిగిలినదానిలో మళ్ళీ 'డీ' చేసికోవాలి. మధ్యలో 'రికవరీ' గడి అడ్డు వస్తే అది కూడా కుదరదు. అంతకంటె సులువు, 'డాక్యుమెంట్స్', 'పిక్చర్స్' సంచులను 'డీ'లోకి మార్చుకోవడం. వాటి 'ప్రాపర్టీస్'లో 'లొకేషన్' అన్నచోట ఆ వీలు ఉంది.

నరసాపురం నుంచి ఒక విద్యార్థిని: ఒక టి.బి. డిస్కు అని అమ్మారు. కంప్యూటరు 931 జి.బి. అనే చూపిస్తోంది. మిగతాది ఏమయింది?

ఎవరూ కాజేయలేదు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కపెట్టి లక్ష కోట్ల బైట్లను ఒక టి.బి. అంటారు. విండోస్ 1,024 చొప్పున భాగిస్తుంది. సరుకు ఒకటే, కుంచం వేరు. చోటు విషయంలో మన తరం అదృష్టవంతులం లెండి. 1956లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన మొట్టమొదటి హార్డు డిస్కు యంత్రంలో రెండడుగుల వెడల్పు పళ్ళేలు యాభై ఉండేవి. అంతా కలిపి అందులో పట్టేవి యాభై లక్షల అక్షరాలు. ఈనాడు ఫోనుతో తీసిన పెద్ద ఫోటో ఒకటి దానిలో ఇమిడితే గొప్ప!

ఆచంట నుంచి ఒక పాఠకుడు: మా మేనల్లుడు పొరపాటున ఫోటోలున్న 'డీ'ని ఫార్మాట్ చేశాడు. ఆశ ఉందా?

ఉంది. కాని మీరు ఇప్పుడేం చేస్తారన్నదాని మీద ఆధారపడి ఉంది. ఆ డిస్కు మీద ఇంకేమీ వ్రాయకండి. కొత్త ప్రోగ్రాములు వేయకండి, పాటలు దింపకండి. కంప్యూటరు కట్టివేసి, డిస్కును తీసి మరొక కంప్యూటరుకు తగిలించి చూడాలి. పైపై ఫార్మాట్ అయితే చెరిగింది జాబితాయే. సరుకు చాలవరకు అక్కడే ఉంటుంది. పోయిన భాగాలను వెదకడానికి 'టెస్ట్‌డిస్క్', ఫోటోలను ఏరడానికి 'ఫోటోరెక్' అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. దొరికినవాటిని అదే డిస్కులోకి కాక వేరే డిస్కులోకి తీయాలి. మీది కొత్తరకం ఎస్.ఎస్.డి. అయితే ఆశ తక్కువ. తీసివేసిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసికుంటుంది. ఫోటోలు చాల ముఖ్యమైనవయితే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా, డేటా తీయడమే వృత్తిగా ఉన్నవారికి ఇవ్వండి. మేనల్లుణ్ణి మాత్రం మరీ కేకలు వేయకండి. వెతకడానికి అతని సాయమే కావలసి వస్తుంది.